వంతు బండి

ఆ పిప్పి ఇంకో రెండు చేతులు పొయ్యిలకు తొయ్యి బిడ్డా. మంట జారితే పాకం ఆగుతది, పాకం ఆగితే బెల్లం నల్లగైతది. ఆఁ, గట్ల. ఇగ అందరు ఈ దిక్కు కూసోండ్రి, ఆ దిక్కు పొగ కొడుతది. చిన్నోడా, నువ్వు కడాయికి దూరం జరుగు. నిరుడు చెరుకు ముక్క పాకంల ముంచబోయి ఏలు కాల్చుకున్నవు, యాదికున్నదా? ఊరంత ఇనవడేటట్టు ఏడ్చినవు. నేనేమో "స్తోత్రం తండ్రీ" అన్న. పోరడు ఏడుస్తుంటే ముసలోనికి స్తోత్రమేందని మీ అమ్మకు ఇప్పటికీ కోపమే. కోపం ఉంటే ఉండనియ్యి. ఎందుకన్ననో ఇయ్యాల చెప్త.

మా నాయనమ్మకు ఏలు కాలితే తెల్వకపోతుండె.

పొయ్యి మీది కుండను ఉత్త చేతులతోని దించేదట. కమురు వాసనొచ్చినంక చూసుకుంటే అరచేయి నిండ బొబ్బలు. రాత్రి పండుకుంటే ఎలుకలు కాలివేళ్లు కొరుకుతుండె. పొద్దుగాల చాప మీద నెత్తురు చూసి, ఓహో రాత్రి ఎలుక వచ్చిపోయింది అనుకునేది. పెద్దరోగం, అదే కుష్ఠు, అన్నరు. ఊరి బయట చింతచెట్టు కింద గుడిసె ఏసిచ్చిండ్రు, గంజి దూరంకెళ్లి పెట్టిపోయిండ్రు. 1920ల నాటి ముచ్చట ఇది. నేనప్పటికి పుట్టలే. ఆమె నోట విన్నదే చెప్తున్న.

గప్పుడు ఇందూరుల ఒక డాక్టరమ్మ ఉంటుండె. నిజామాబాదును మా పెద్దోళ్లు ఇందూరనే అందురు. ఆమె పేరు ఇసబెల్ కెర్. స్కాట్లాండు ఆమె దేశం. పెనిమిటి జార్జ్ కెర్ పాదిరి. ఇద్దరు 1907ల నిజాం రాజ్యానికి వచ్చిండ్రు. మెథడిస్టు మిషన్ వాళ్లు. మిషన్ దవాఖాన గేటు కాడ పెద్దరోగం వాళ్లు వచ్చి కూసునేటోళ్లు, లోపలికి రానిస్తే మిగిలిన రోగులు లేచిపోతుండె. చూసి చూసి ఆమె 1911ల వాళ్లకోసమే ఒక జాగ చేసింది. చేస్తే ఏమైంది, జాగ తక్కువ, వచ్చేటోళ్లు ఎక్కువ. కట్టుదామంటె పైసలు లేవు. పైసలు ఎవరిచ్చిండ్రో చెప్పుండ్రి? రాజా నర్సాగౌడ్. ఈ మట్టి మనిషే, హిందువు. క్రైస్తవులు నడిపే దవాఖానకు, ఎవరు ముట్టని మనుషుల కోసం ఆయన సొమ్మిచ్చిండు. 1915ల డిచ్‌పల్లిల దవాఖాన లేసింది. విక్టోరియా దవాఖాన అని పేరు. మన దిక్కు ఎవరు ఆ పేరు పలికిండ్రు గనుక, డిచ్‌పల్లి దవాఖాన అంటెనే తెలుసు.

మా నాయనమ్మ అక్కడికి నడిచే పోయింది. అప్పటికి బోధన్‌కు రైలు లేదు. బండ్లె ఎవరు ఎక్కించుకోరు. మా ఊరికెళ్లి ఇందూరు, ఇందూరుకెళ్లి డిచ్‌పల్లి, కలిపితే నలభై కిలోమీటర్లకు తక్కువుండది. పుండ్లు పడ్డ కాళ్లతోని రెండు రాత్రులు నడిచిందట. పగటిపూట నడిస్తే పోరగాండ్లు రాళ్లేస్తరని. కాళ్లు నొయ్యలేదా అవ్వా అని అడిగితే నవ్వేది. "నొస్తే అంత దూరం ఎట్ల నడుద్దును బిడ్డా" అనేది.

అప్పటి మందు చాల్‌మూగ్రా నూనె. మన దిక్కు అడవి బాదం నూనె అంటరు. కలకత్తాల రోజర్స్ అనే పెద్ద డాక్టరు దాన్ని సూదితోని ఎక్కించే పద్ధతి తెస్తే, డిచ్‌పల్లిల కూడ అదే సురువైంది. చిక్కటి నూనె. సూది పొడిస్తే లోపలికి దిగనే దిగదు. ఆ సూదులకు జడిసి పారిపోయినోళ్లు ఉన్నరట. మా నాయనమ్మ జడవలే, ఆమెకు మచ్చల మీద సూది పొడిచినా సోయి లేదాయె. వారం వారం వంగి కూసునేది, పొడిపిచ్చుకునేది. నెలలు పోయినయి. ఒకనాడు సూది దిగంగనే "అమ్మా!" అని అరిచిందట. నర్సమ్మ సూది పక్కకు పెట్టి ఆమె చేయి పట్టుకొని ఏడ్చిందట. "మల్లొక్కసారి అను" అన్నదట. ఈమె "నొచ్చిందమ్మా, నొచ్చింది" అంటనే ఉన్నదట. ఆ నొప్పి గురించి మా నాయనమ్మ చెప్పినంత సంబురంగ పెండ్లి గురించి కూడ చెప్పలేదు.

కెర్ దొరసానికీ, దొరకూ 1923ల సర్కారు కైసర్-ఇ-హింద్ పతకం ఇచ్చింది. 1932ల ఆమె కాలం చేసింది. పతకం ముచ్చట మా నాయనమ్మకు తెల్వనే తెల్వదు. ఆమెకు తెలిసిందల్లా సూది.

ఆ దొరసానిని తలిస్తే నాకింకో కత యాదికొస్తది. మన బోధనే భారతంల ఏకచక్రపురం అంటరు గద. బకాసురునికి రోజుకో ఇంటి వంతు, బండెడన్నం, రెండు దున్నలు, ఒక మనిషి. బాపనాయన ఇంటి వంతు వస్తే కుంతి తన కొడుకును పంపింది. నేను చర్చి మనిషిని, అయినా ఆ కత నాకు చానా ఇష్టం. భీముడు రాక్షసుని చంపుడు కాదు, తనది కాని వంతుకు బండెక్కిండు చూడు, అది. పాదిరయ్యతోని ఒకసారి అంటే మొకం అదోలెక్క పెట్టిండు.

సరే, పాకం కలుపు, అడుగంటుతది.

ఇగ నా ముచ్చట. మంజీర మీద నిజాంసాగర్ 1923ల మొదలుపెట్టి 1931ల కట్టిండ్రు. కాలువ నీళ్లొచ్చినయి, నీళ్లెనుక చెరుకొచ్చింది, చెరుకెనుక 1937ల శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ వచ్చింది. మా నాయిన అందుల మజ్దూర్. నేను 1943ల పుట్టిన. ఫ్యాక్టరీ సైరన్‌కు లేచుడు, సైరన్‌కు తినుడు. పద్దెనిమిదేండ్లకు డిచ్‌పల్లిల డ్రెస్సర్ పనికి పోయిన. పుండ్లు కడుగుడు, ముల్లు ఉన్నదేమో చూసుడు, కట్టు కట్టుడు. నాయనమ్మ బాకీ తీర్చిన అనుకోండ్రి. తర్వాత 1968ల సువార్తికునిగ అడవికి పంపిండ్రు, ఆదిలాబాద్ జిల్లా, ఉట్నూరు అవతల గోండు గూడేలు. ఒక సంచిల బైబిలు, ఇంకో సంచిల డాప్సోన్ మాత్రలు. పన్నెండేండ్లు ఉన్న.

అడవిల అద్భుతాలకు కొదువ లేదు. వాగు పొంగిన రాత్రి ఎవరో తెల్వని గోండు తాత చీకట్ల చేయిపట్టి దాటిచ్చిండు. బియ్యం ఒడిసిన నాడే ఎవరో జొన్నలు తెచ్చి గడపల పెట్టిండ్రు. ఆ చెట్ల నడుమ నడుస్తుంటే దేవుడు ఎనుకనే వస్తున్నట్టుండె. సాక్ష్యం చెప్పుమంటే గంట చెప్పేటోణ్ని.

1980ల తిరిగొచ్చిన. బస్సు సోన్ కాడ గోదావరి వంతెన దాటంగనే, దేవుడు ఆ ఒడ్డుననే దిగిపోయిండేమో అనిపిచ్చింది. నిజంగ. బోధన్‌ల కిరాయిల్లు అడిగితే, పెద్దరోగం దవాఖానల చేసినోడని తెలిసి ఒకాయన నేనిచ్చిన అడ్వాన్సు వాపసు చేతుల పెట్టిండు. ముట్టకుంట, గుడ్డ ముక్కల మూటగట్టి పెట్టిండు. ఆదివారం ప్రార్థనకు పోతే అడవి ముచ్చట్లు చెప్పుమందురు. చెప్పినయే చెప్పుడు. క్రిస్మస్‌కు మెదక్ పెద్ద గుడికి పోయిన. పోస్నెట్ పాదిరి కరువుల జనానికి పని చూపి అన్నం పెట్టి కట్టిచ్చిన గుడి, 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ చేసిండ్రు. ఆ రంగు అద్దాల కింద మోకరించి, ప్రభువా, అడవిల చూపినట్టు ఒక్కటి చూపు అని అడిగిన. ఏం లేదు. పక్కపొంటి ఒక పిలగాడు నిద్రపోతున్నడు, అంతే.

ఆ చలికాలం చెరుకు కాంటా కాడ చిట్టీలు రాసే పని దొరికింది, సీజన్ పని. సీజన్ అంటే మీకు తెల్వదు. కటింగ్ ఆర్డర్ వచ్చినోళ్లందరు ఒక్కసారే బండ్లు కట్టుకొస్తరు. గేటు కాడికెళ్లి మొదలైన లైను కనుచూపు ఆనదు. రెండు రాత్రులు, ఒక్కోసారి మూడు, రోడ్డు మీదనే. ఎడ్లకు కాడి దించి మేతేసి, బండ్ల నడుమ పిప్పి కుప్పేసి మంట పెట్టుకొని, దాని చుట్టు పండుకుంటరు. శక్కర వాసన, మొలాసిస్ వాసన, పెండ వాసన. నేను లాంతరు పట్టుకొని చిట్టీల కోసం లైను పొడుగు తిరిగేటోణ్ని.

ఒక రాత్రి ఒక మంట కాడ ఆగిన. ఐదారుగురు పండుకున్నరు. అందుల ఒక పిలగాని కాలు మంటల ఉన్నట్టే ఉన్నది. మడిమె ఎర్రగ కమిలింది, వాడు గుర్రు పెట్టి నిద్రపోతున్నడు. నాకు గుండె జల్లుమన్నది. అంత నిద్ర ఎవనికీ రాదు. అది నిద్ర కాదు, నాకు తెలుసు.

నేను వంగెటాలకే పక్కకెళ్లి ఒక సాయబు లేచిండు. గడ్డం తెల్లబడ్డ మనిషి. కండ్లు నులుముకుంట, ఆ కాలు రెండు చేతులతోని మెల్లగ లేపి, బిడ్డ కాలు జరిపినట్టు జరిపి, పైన గోనెపట్ట కప్పిండు. మల్ల తను మంటకూ వానికీ నడుమ అడ్డం పండుకున్నడు.

"చాచా, ఎందుకట్ల?" అన్న.

"నిద్రల కాల్చుకుంటడు వీడు. తెల్వది వీనికి. రాత్రి రెండు మూడు మార్లు జరపాలె."

"మీ వాడా?"

"ఎక్కడ మావోడు. లైన్ల నా ఎనుక బండి."

"ఎన్ని దినాలకెళ్లి?"

ఏళ్లు లెక్కపెట్టిండు. "ఇది మూడో సీజన్."

మూడు చలికాలాలు, బిడ్డా. రోగం పేరు తెల్వది, తగులుకుంటదన్న భయం తెల్వది, ఎవరు పంపిన మిషనరీ కాదు. లైన్ల ఎనుక బండి అని, అంతే. నేను లాంతరు కింద పెట్టి అక్కడనే కూసున్న. చిట్టీలు రాయలే. తెల్లారి దానికి తిట్లు తిన్న.

పొద్దున పిలగాని వీపు చూస్తే మచ్చలు. ఈకతోని రాస్తే తెలుస్తలేదు. డిచ్‌పల్లికి పోదాం రా అంటే రాడు, చెరుకు బండి వంతు పోతదని ఏడుపు. వంతు పోతే మల్ల ఎనుకకు, చెరుకెండితే తూకం పోతది, అప్పు మీదవడుతది. సాయబు విని మీసం దువ్వుకుంట అన్నడు, "వాని వంతు ఎక్కడికి పోతది. నా బండి ముందు, వాని బండి ఎనుక, రెండు నేనే తోలుత." మిగిలినోళ్లు మేత సంగతి మేం చూస్తమన్నరు. మేం ఇద్దరం బోధన్ ప్యాసింజర్ ఎక్కినం. జానకంపేట దాటినంక వాడు అడిగిండు, "మామా, నాకు నొప్పి వస్తదా?" అని.

రాలేదు వానికి. కాళ్లకు మల్ల తెలివి రాలేదు, నరం చచ్చినంక కష్టం. మా నాయనమ్మకు మచ్చల మీద వచ్చింది గని, అందరికీ రాదు. రోగం మాత్రం పోయింది. మెత్తటి నల్ల రబ్బరు చెప్పులిచ్చిండ్రు, రోజూ సాయంత్రం కాళ్లు చూసుకునుడు నేర్పిండ్రు. మూడేండ్లకు లైన్ల మల్ల కనపడ్డడు, పెండ్లి చేసుకున్నడు. సాయబు ఆ రాత్రి కూడ ఎనుక బండి కాడికి లేచిపోయి చూసొచ్చిండట, అలవాటు పోక.

గప్పటికెళ్లి నేను మెదక్‌ల అడిగినట్టు అడుగుడు బంద్ చేసిన. సాక్ష్యం చెప్పుమంటే సాయబు ముచ్చట చెప్తుంటి. ఇదేం సాక్ష్యమని కొందరు గొణిగిండ్రు. ప్రభువు పేరెక్కడుందని అడిగిండ్రు. వంగి కాలు జరిపిండు గద, అన్న. శిష్యుల కాళ్లు కడిగినాయన పేరు మీకు నేను చెప్పాల్నా?

ఇప్పుడు ఆ లైను లేదు. 2015 డిసెంబర్ల ఫ్యాక్టరీ మూతబడ్డది. సైరన్ లేక మొదట్ల నాకు నిద్ర లేచే టైమే తెల్వకపోతుండె. సాయబు ఎప్పుడో పోయిండు. ఎడ్లబండ్లు పోయినయి, చెరుకు తగ్గింది, మీ నాయినలు దుబాయి పోయిండ్రు. మిగిలింది ఈ గానుగ, ఈ కడాయి.

చూడు చూడు, పాకం ఇంత నీళ్ల గిన్నెల ఎయ్యి. ఉండ కట్టిందా? కట్టింది. దించుండ్రి, మెల్లగ. చేతులకు గుడ్డ పట్టుకోండ్రి. కాలిందా? కాలితే మంచిదేరా, ఇటు తే, ఊదుత.

ఒక్క మాట చెప్పి ముగిస్త, ఇది మీ ఊళ్ల వాళ్లకు కూడ చెప్పుండ్రి. ఒంటి మీద తెల్లగనో ఎర్రగనో పాలిపోయిన మచ్చ ఉండి, దాని మీద గిల్లితే తెల్వకుంటే, దాచుకోకుండ్రి. సర్కారు దవాఖానల చూపిచ్చుకోండ్రి. మచ్చలు కొన్నే ఉంటే ఆరు నెలలు, ఎక్కువుంటే పన్నెండు నెలలు, మూడు మందులు కలిపిన బిళ్లలిస్తరు. పైస తీసుకోరు.