కూరలో కరివేపాకు

కంచంలో కరివేపాకు ఏరి అంచున పెట్టడం నాకు అరవై ఏళ్ల అలవాటు. ఈమధ్యే మానేశాను. ఎందుకో చెబుతాను.

ఒకనాడు మా ఇంటికి మారిషస్ నుంచి ఒక పెద్దావిడ వచ్చింది. పూర్వులు తెలుగువాళ్లే గాని, ఆవిడకి తెలుగు నాలుగు ముక్కలకి మించి రాదు. వంటింట్లో పోపు వాసన తగలగానే గుమ్మంలో ఆగిపోయి, "కరిపులే!" అంది చిన్నపిల్లలా. మూలనున్న సన్నికల్లు చూసి, "రోస్ కారి!" అంది. దాని పొత్రాన్ని వాళ్లు 'బాబా' అంటారట, అంటే పసిపాప! "రాతికీ బిడ్డేనా అమ్మా!" అని మా ఆవిడ నవ్వేసింది.

ఆవిడ వెళ్లాక పుస్తకాలు తిరగేశాను.

సుగంధ ద్రవ్యాల చరిత్ర నిండా నెత్తురే. జాజికాయ కోసం డచ్చివారు 1621లో బండా దీవుల్ని దాదాపు నిర్మానుష్యం చేశారు. జాజి, లవంగాల మొక్కలు పరాయివాళ్లకి దక్కకుండా కాపలా కాశారు. ఆ కాపలాని దాటినవాడు పియేర్ ప్వావ్ర్ అనే ఫ్రెంచి దొర. ఆయన ఇంటిపేరుకి అర్థం మిరియం! 1767 నుంచి 1772 దాకా మారిషస్‌లో అధికారం చేస్తూ, ఓడలు పంపి, 1770లో ఆ మొక్కల్ని రహస్యంగా తెప్పించాడు. పాంప్లెమూస్ తోటలో ఆయనకి విగ్రహం కూడా ఉంది.

బాగానే ఉంది. మరి ఆ దీవి ఇళ్లలో రోజూ కూరకి రుచి పెట్టేదేమిటి? పసుపు, ధనియాలు, జీలకర్ర, మెంతులు, వెల్లుల్లి. నీళ్లు చిలకరించి ముద్దగా నూరుతారు. పసుపుని వాళ్లు 'సఫ్రాన్' అంటారు. అసలు ఆ మాటకి అర్థం కుంకుమపువ్వు! చేపముక్కల్ని ఆవాలు, పసుపు, వెనిగర్ పట్టించి 'విందాయ్' చేస్తారు. కొత్తిమీర అక్కడ 'కోతోమిలి'. కరిపులే మన కరివేపాకే.

కోతోమిలి, కరిపులే అరవం నుంచి వెళ్లిన మాటలు. ఫ్రెంచివారి కాలంలోనే పుదుచ్చేరి నుంచి పనివాళ్లు అక్కడికి వెళ్లారు. 1835లో బానిసత్వం రద్దయ్యాక చెరకు తోటలకి కూలీలు కావలసివచ్చారు. 1834 మొదలు ఎనభై, తొంభై ఏళ్లలో సుమారు నాలుగున్నర లక్షల మంది భారతీయులు ఆ రేవులో దిగారు. కోరంగి, విశాఖ, గంజాం తీరాల నుంచి మనవాళ్లూ వెళ్లారు. కోరంగి రేవు పేరుమీదే వాళ్లని అక్కడ 'కోరంగీలు' అన్నారు. చిట్టాలో ఒక్కొక్కరికీ ఒక అంకె. కొలిచి ఇచ్చే బియ్యం, పప్పు, ఉప్పు. దాన్ని అన్నంగా మార్చింది ఆ సన్నికల్లే. లవంగం తెచ్చిన దొర పేరు చరిత్రకెక్కింది. కరివేపాకు తెచ్చిన తల్లి పేరు ఏ చిట్టాలోనూ లేదు.

పని తీరాక పక్కన పారేసేవాణ్ణి మనం 'కూరలో కరివేపాకు' అంటాం. ఆ కూలీలకి జరిగిందీ అదే. కానీ తరాలు గడిచి, చాలామంది ఇళ్లలో తెలుగు పోయినా, వంటింటి వాసన పోలేదు.

ఆరోజు భోజనంలో ఆవిడ ఒక్క ఆకు కూడా వదలకుండా నమిలి తింది. నా కంచం అంచు చూసి ఏమీ అనలేదు. నేనే నెమ్మదిగా ఆ రెబ్బలు తీసి అన్నంలో కలుపుకున్నాను.