మయామీ బియ్యం

2010 మార్చి 10. వాషింగ్టన్‌లో సెనేట్ విదేశీ సంబంధాల కమిటీ గది. హైతీని భూకంపం కూల్చేసి ఇంకా రెండు నెలలు నిండలేదు. ఐక్యరాజ్యసమితి ప్రత్యేక దూతగా వచ్చిన బిల్ క్లింటన్ సాయం గురించి మాట్లాడుతూ బియ్యం మాట ఎత్తారు. అధ్యక్షుడిగా తాను నడిపిన విధానం తన సొంత రాష్ట్రం అర్కాన్సాస్ రైతుల్లో కొందరికి లాభించి ఉండొచ్చని, కానీ అది పొరపాటని అన్నారు. హైతీ తన వరి తాను పండించుకునే సత్తా పోగొట్టుకుందని, ఆ ఫలితాన్ని రోజూ మోస్తున్నానని ఒప్పుకున్నారు.

ఆ సత్తా ఉండేది ఆర్టిబోనైట్ లోయలో. నది పారే మాగాణి, ఎకరమో రెండెకరాలో ఉన్న రైతులు. 1986లో నియంత డువాలియర్ పారిపోయాక సుంకాలు తగ్గాయి. రేవుల్లో దొంగచాటు బియ్యమూ దిగింది. జనం దానికి ‘దిరి మయామీ’ అని పేరు పెట్టారు, అంటే మయామీ బియ్యం. రైతులు రోడ్డెక్కి లారీలకు అడ్డం పడ్డారు. లారీలకు సైనికులు కాపలా వచ్చారు.

1991లో సైన్యం గెంటేసిన అధ్యక్షుడు అరిస్టైడ్, 1994 అక్టోబరులో అమెరికా సేనల అండతో తిరిగొచ్చారు. ఆ అండ వెంట అప్పులిచ్చేవాళ్ల షరతులూ వచ్చాయి. మరుసటి ఏడాదికల్లా బియ్యంపై దిగుమతి సుంకం 3 శాతానికి పడిపోయింది. పొరుగు కరీబియన్ దేశాల కూటమి తమ రైతుల కోసం పెట్టుకున్న సుంకం 25 శాతం.

దీన్ని స్వేచ్ఛా వాణిజ్యం అన్నారు. నేను ఒప్పుకోలేను. అర్కాన్సాస్ రైతుకు వందల ఎకరాలు, కంబైన్ కోతలు, వెనక ప్రభుత్వ సబ్సిడీ. హైతీ రైతుకు ఉన్నది కొడవలి, ఆ సుంకం. పేదవాడి చేనుకు కంచె పీకించి, మేపి బలిపించిన ఆబోతును అందులోకి తోలారు. చౌక బియ్యంతో నగరంలో పేదల కంచం నిండిన మాటా నిజమే. అయితే అది ప్రపంచ ధర తక్కువగా ఉన్నన్నాళ్లే.

2008లో ధరలు మండిపోయాయి. అప్పటికి హైతీ తినే బియ్యంలో ఎక్కువ భాగం ఓడల్లో వచ్చేదే. ఏప్రిల్‌లో ఆకలి జనం వీధుల్లోకొచ్చారు, ప్రధానమంత్రి పదవి ఊడింది.

రాజధాని మురికివాడల్లో తల్లులు మట్టిని నీళ్లలో కలిపి వడగట్టి, ఉప్పూ కొవ్వూ వేసి, బిళ్లలుగా పరిచి ఎండబెట్టారు. పిల్లలు అవే తిన్నారు. ఆ మట్టి హించ్ పట్టణం వైపు నుంచి లారీల్లో వచ్చేది. అంతకు ముందటేడుతో పోలిస్తే ఆ ఏడాది మట్టి ధర కూడా పెరిగింది.