మన్యం జ్వరం ఎవరికి కాపలా కాసింది?

మన్యం జ్వరమే మన కొండలకు కాపలా అని పెద్దవాళ్లు అంటుంటే విన్నాం. సిపాయిలు, షావుకార్లు, మైదానం రైతులు కొండెక్కడానికి వెనకాడింది పులికన్నా చలిజ్వరానికేనట. ఈ మాటలో నిజం లేకపోలేదు. 1839లో గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాలను మామూలు చట్టాల నుంచి తప్పించి గవర్నరు ఏజెంటు చేతిలో పెట్టారు. ఏజెన్సీ అన్న పేరు అలా వచ్చింది. 1879లో రంప పితూరీని అణచడానికి దింపిన బలగాలను జ్వరం కుంగదీసింది. ఆ తర్వాత కూడా చాలాకాలం ఏజెన్సీకి బదిలీ అంటే ఉద్యోగులకు శిక్ష కిందే లెక్క.

ఈ మాట వెనకే ఇంకో మాట పుట్టింది, ఆదివాసీలకు మలేరియా అంటదని. దీన్ని మనం ఒప్పుకోకూడదు. పోడు కొడుతున్న పెద్దవాణ్ణి చూసి అధికారి అలా అనుకున్నాడు. చిన్నప్పటి నుంచి ఏటేటా దోమ కుట్టి, జ్వరమొచ్చి, తట్టుకుని బతికినవాళ్లకే కొంత నిరోధకశక్తి వస్తుంది. తట్టుకోలేని పిల్లలు ఐదేళ్లు నిండకముందే పోతారు. తొలిచూలు గర్భిణికి ఆ కొద్ది శక్తీ తగ్గిపోతుంది. అధికారి చూసింది మిగిలినవాళ్లని. పోయిన పసిపిల్లలు ఆయన కంటపడలేదు. కాపలాకు జీతం కట్టింది ఆ పిల్లలే.

1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా క్రిమిని చూశాడు. హుసేన్ ఖాన్ అనే రోగి దోమల చేత కుట్టించుకున్నాడు, దోమకు ఒక అణా చొప్పున. రాస్‌కు 1902లో నోబెల్ వచ్చింది. (హుసేన్ ఖాన్ పేరు కూడా తరగతిలో చెబితే బాగుంటుంది.)

స్వతంత్రం వచ్చాక 1953లో దేశమంతా డీడీటీ చల్లడం మొదలైంది. 1958లో ఏకంగా నిర్మూలనే లక్ష్యమన్నారు. 1960ల నడుమకి దేశంలో కేసులు లక్షకు దిగాయి. 1976కి 64 లక్షలు దాటాయి. దోమలు మందుకు అలవాటుపడ్డాయి, మందు సరఫరా తగ్గింది, పని అయిపోయిందన్న ధీమా పెరిగింది. కొండల్లో ఇంకో చిక్కుంది. ఇక్కడి మలేరియా దోమల్లో ఒక రకం మెల్లగా పారే గెడ్డల అంచున గుడ్లు పెడుతుంది. ఇంటి చుట్టూ గుంటలు పూడ్చమనే మైదానం పాఠం గెడ్డకు పనికిరాదు. ఇక గోడలు. పండగ ముందు ఎర్రమట్టితో అలికితే చల్లిన మందు మట్టి కిందికి పోతుంది. మనకు తెలివి లేదన్నారు. ఏ నెలలో గోడలు అలుకుతారని ముందు అడిగి ఉంటే సరిపోయేది.

ఆ జ్వరం మన రక్తంలో కూడా గుర్తు వదిలింది. సికిల్ సెల్ అంటే ఎర్రకణాలు కొడవలిలా వంగిపోవడం. తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్కరి నుంచే ఆ లక్షణం వస్తే మనిషి మామూలుగానే బతుకుతాడు, ప్రాణం తీసే రకం మలేరియాను బాగా తట్టుకుంటాడు. అందుకే మలేరియా ఉన్నచోట్ల తరతరాలుగా అది నిలిచిపోయింది. ఇద్దరి నుంచీ వస్తే మాత్రం జబ్బే. రక్తం తగ్గడం, ఎముకలు పిండేసే నొప్పులు. మన దేశంలో దీన్ని 1952లో నీలగిరి కొండల ఆదివాసుల్లో మొదట గుర్తించారు. గోండు, కోయ తెగల్లోనూ ఉంది. భార్యాభర్తలిద్దరిలో లక్షణం ఉంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు.

2023 జూలైలో కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది. పరీక్ష చేసి కార్డులిస్తున్నారు. పెళ్లి మాట అనుకునేముందు ఆ రెండు కార్డులు పక్కపక్కన పెట్టి చూడాలని యువతీయువకులను కోరుతున్నాం. టీచర్లకు ఒక మాట: చలికాలంలో కాళ్లూ చేతులూ నొప్పులని పదేపదే బడి మానేసే పిల్లవాడిది బద్ధకమని రాసేముందు, వాడి రక్తం పరీక్ష అయిందో లేదో అడగండి.