తాడు లాగినవాళ్ళూ, బరువెత్తినవాళ్ళూ

వ్యాయామం ఒక్కళ్ళమే చెయ్యాలా, తోడుంటే మంచిదా? తోడుంటేనే కుదురుతుందనేవాళ్ళూ ఉన్నారు, తోడుంటే కబుర్లే తప్ప చెమట పట్టదనేవాళ్ళూ ఉన్నారు. పొద్దున్నే నాతో నడిచే మిత్రుడొకడు వేరే ఊరెళ్ళిపోయాడు. తర్వాత ఎనిమిదిమంది నడిచే గుంపులో చేరాను. నెల తిరక్కుండానే మానేశాను. తోడు ఎనిమిదింతలైతే ఉత్సాహం కూడా పెరగాలి కదా, ఎందుకు తగ్గిందబ్బా అని వెతుకుతుంటే రెండు పాత ప్రయోగాలు దొరికాయి. పైకి చూస్తే ఒకదానికొకటి పూర్తి వ్యతిరేకం.

మొదటిది ఫ్రాన్సుది. మాక్స్ రింగెల్మాన్ అనే వ్యవసాయ ఇంజనీరు 1880లలో మనుషుల చేత తాడు లాగించి బలం కొలిచాడు. ఆ వివరాలు 1913లో అచ్చయ్యాయి. ఆయన లెక్కలో ఒక్కడే లాగితే 100 అనుకుంటే, ఇద్దరైతే తలా 93, నలుగురైతే 77, ఎనిమిదిమందైతే 49! అందరూ ఒకే క్షణంలో లాగలేకపోవడం ఒక కారణమే. కానీ 1974లో అమెరికాలో ఇంకో తమాషా చేశారు. కళ్ళకి గంతలు కట్టి, వెనక జనం లాగుతున్నారని నమ్మించి, నిజానికి ఒక్కణ్ణే లాగించారు. అప్పుడూ బలం తగ్గింది. అంటే మనవాడు "వెనక వాళ్ళున్నార్లే" అనుకున్నాడన్నమాట.

రెండోది జర్మనీది. 1920లలో ఒట్టో కోలర్ అనే ఆయన బెర్లిన్లో పడవ పందేల క్లబ్బువాళ్ళకి 41 కిలోల బరువిచ్చి, ఇక నావల్ల కాదనేదాకా చేతులతో ఎత్తుతూ దించుతూ ఉండమన్నాడు. తర్వాత ఇద్దరిద్దర్ని జతచేసి రెట్టింపు బరువు ఇచ్చాడు. ఒకడు వదిలేస్తే రెండోవాడూ ఆగిపోవాల్సిందే. విచిత్రంగా, జంటలో బలహీనుడు ఒంటరిగా చేసినప్పటికంటే ఎక్కువసేపు నిలబడ్డాడు. అదీ ఇద్దరి మధ్య తేడా మరీ తక్కువా, మరీ ఎక్కువా కాకుండా ఉన్నప్పుడు.

మరి ఇందులో ఏది నిజం? రెండూ నిజమే. తాడు దగ్గర ఎవడెంత లాగాడో ఎవరికీ తెలీదు. బరువు దగ్గర ఎవడు వదిలేశాడో వెంటనే తెలిసిపోతుంది. 1981లో గుంపుల చేత కేకలు వేయించిన ప్రయోగంలోనూ, ఎవరి గొంతు ఎంతో విడిగా తెలుస్తుందని చెప్పగానే బద్ధకం మాయమైంది.

నా సంగతీ ఇదే. గుంపులో నేను రాకపోయినా ఎవరూ గమనించేవాళ్ళు కాదు. మా మిత్రుడైతే గేటు దగ్గర నిలబడి ఉండేవాడు. నాకంటే కాస్త జోరుగా నడిచేవాడు కూడా.

ఇక్కడే ఒక విషయం నన్ను పట్టుకుంది. కోలర్ ప్రయోగంలో లాభపడింది బలహీనుడు. బలవంతుడు మాత్రం తనకింకా ఓపికుండగానే ఆగిపోవాల్సొచ్చింది. అంటే ఇన్నేళ్ళూ మావాడు నాకోసం తన నడక తగ్గించుకున్నాడు. నేనేమో కలిసి నడుస్తున్నామనుకున్నాను.

కాబట్టి తోడు వెతుక్కునేవాళ్ళు తమకంటే కొంచెం మెరుగైనవాణ్ణి, ఒక్కణ్ణే వెతుక్కోండి. దొరికినవాడు ఏం వదులుకుంటున్నాడో కూడా ఒకసారి చూడండి. నేనైతే ఈ ఆదివారం మావాడికి ఫోన్ చెయ్యాలి.