మైసూరు నుంచి మండలానికి: ఉపాధ్యాయ శిక్షణ నడిచిన దారి

ఉద్యోగంలో చేరిన తరువాత కూడా టీచరు నేర్చుకుంటూ ఉండాలన్న ఆలోచన తెలుగు ప్రాంతంలో పాతదే. కానీ ఆ నేర్పు దొరికే చోటు, బోధన సామగ్రి అందే చోటు బడికి దగ్గరలో ఏర్పడటానికి దాదాపు నలభై ఏళ్లు పట్టింది. శిక్షణ కేంద్రం రాష్ట్ర స్థాయి నుంచి జిల్లాకు, జిల్లా నుంచి మండలానికి, మండలం నుంచి నాలుగైదు ఊళ్ల కూడలికి దిగివచ్చింది.

తొలి ఏర్పాట్లు ఉన్నత పాఠశాలలను దృష్టిలో పెట్టుకుని జరిగాయి. 1955లో ఏర్పడిన అఖిల భారత మాధ్యమిక విద్యామండలి చొరవతో కొన్ని శిక్షణ కళాశాలల్లో విస్తరణ సేవా విభాగాలు తెరిచారు. 1961 సెప్టెంబరు 1న జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలి (ఎన్‌సీఈఆర్‌టీ) పుట్టింది. 1963లో అజ్మీర్, భోపాల్, భువనేశ్వర్, మైసూరులలో ప్రాంతీయ విద్యా కళాశాలలు వచ్చాయి. దక్షిణాది రాష్ట్రాలన్నిటికీ మైసూరే కేంద్రం. 1967లో హైదరాబాదులో రాష్ట్ర విద్యా పరిశోధన శిక్షణ మండలి (ఎస్‌సీఈఆర్‌టీ) ఏర్పడింది. అయినా ఏజెన్సీ గూడెంలో అయిదు తరగతులనూ ఒక్కడే నెట్టుకొచ్చే టీచరుకు మైసూరూ దూరమే, హైదరాబాదూ దూరమే.

ఈ దూరాన్ని కొఠారీ విద్యా కమిషన్ (1964–66) ముందే గుర్తించింది. ప్రతి టీచరుకూ అయిదేళ్ల సర్వీసులో రెండు మూడు నెలల వృత్యంతర శిక్షణ ఉండాలని సిఫారసు చేసింది. ఒక ఉన్నత పాఠశాలను కేంద్రంగా చేసుకుని చుట్టుపక్కల ప్రాథమిక పాఠశాలలను కలిపే ‘స్కూల్ కాంప్లెక్స్’ను ప్రతిపాదించింది. ప్రయోగశాల, గ్రంథాలయం ఉన్న పెద్ద బడి చిన్న బళ్లకు ఆసరాగా నిలవాలన్నది దాని ఉద్దేశం. ఈ రెండు ఆలోచనలూ చాలాకాలం కాగితాల మీదే ఉన్నాయి. 1986 జాతీయ విద్యావిధానం తరువాత జిల్లాకొక విద్యా శిక్షణ సంస్థ, అంటే టీచర్లు ‘డైట్’ అని పిలిచేది, 1987–88 నుంచి మొదలైంది. ప్రాథమిక టీచర్ల కోసమే జిల్లాలో ఒక సంస్థ ఏర్పడటం పెద్ద మలుపు.

జిల్లా కేంద్రం కన్నా దగ్గరి చోటును చూపింది ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం. బ్రిటిష్ ప్రభుత్వ సహాయంతో 1980ల తొలి అర్ధంలో కొన్ని జిల్లాల్లో ప్రయోగంగా మొదలై, 1989 తరువాత మొత్తం 23 జిల్లాలకూ విస్తరించి, 1996 దాకా సాగింది. దానికి ఆరు సూత్రాలు. టీచరే కృత్యాలు తయారుచేసుకోవడం మొదటిది. పిల్లలు చేసి, వెతికి, ప్రయోగించి నేర్చుకోవడం రెండోది. వ్యక్తిగతంగా, జట్టుగా, తరగతిగా పని చేయించడం, పిల్లల మధ్య తేడాలను గమనించి బోధించడం, ఊరినీ పరిసరాలనూ పాఠానికి వాడుకోవడం, పిల్లల పనిని గోడల మీద ప్రదర్శించి తరగతిని కళగా ఉంచడం మిగిలిన నాలుగు.

ఈ సూత్రాలను నిలబెట్టింది ఉపాధ్యాయ కేంద్రం. దగ్గర దగ్గర ఊళ్ల టీచర్లు ఏడాదిలో పలుమార్లు ఒక బడిలో కలిసేవారు. ఒకరు మాదిరి పాఠం చెబితే మిగిలినవారు చూసి చర్చించేవారు. చింతగింజలు, పుల్లలు, అగ్గిపెట్టెలు, పాత క్యాలెండర్లతో లెక్కలకూ భాషకూ పనికొచ్చే సామగ్రి తయారయ్యేది. పక్క ఊరి టీచరు తన తరగతిలో ఫలించిన కృత్యాన్ని చూపితే నమ్మకం కుదిరేది, ఎందుకంటే ఆ తరగతిలో పిల్లలూ అంతమందే, ఇబ్బందులూ అవే. పై అధికారి ఉపన్యాసం ఇవ్వలేని భరోసా అది.

ఇదే కాలంలో అప్పటి చిత్తూరు జిల్లా మదనపల్లె సమీపాన రిషివ్యాలీలో మరో దారి తెరుచుకుంది. అక్కడి గ్రామీణ విద్యా కేంద్రంలో పద్మనాభరావు, రమా దంపతులు ఒకే గదిలో పలు తరగతులు చదివే చిన్న బడుల కోసం అభ్యసన కార్డులు రూపొందించారు. పాఠ్యాంశాన్ని చిన్న మెట్లుగా విడగొట్టి నిచ్చెనలా అమర్చారు. ప్రతి బిడ్డా తన వేగంతో మెట్లు ఎక్కవచ్చు. చుట్టుపక్కల పల్లెల్లోని చిన్న బళ్లే టీచర్లకు శిక్షణాలయాలయ్యాయి. 1995లో కర్ణాటకలోని హెగ్గడదేవనకోటె తాలూకా టీచర్లు రిషివ్యాలీకి వచ్చి చూసి వెళ్లాకే ‘నలి–కలి’ బోధన పద్ధతి రూపుదిద్దుకుంది. 2003లో చెన్నై కార్పొరేషన్ బడుల్లో మొదలైన కృత్యాధార బోధన కూడా ఇక్కడి నుంచే స్ఫూర్తి పొందింది.

1985లో తాలూకాల స్థానంలో మండలాలు రావడం శిక్షణకూ మేలు చేసింది. పాలనా కేంద్రం చేరువైతే వనరుల కేంద్రమూ చేరువవుతుంది. 1996లో జిల్లా ప్రాథమిక విద్యా పథకం (డీపీఈపీ) విజయనగరం, నెల్లూరు, కర్నూలు, కరీంనగర్, వరంగల్ జిల్లాల్లో ప్రారంభమై, తరువాత మరో 14 జిల్లాలకు చేరింది. మండల రిసోర్సు సెంటరు, అందులో రిసోర్సు పర్సన్లు, ఉపాధ్యాయ కేంద్రాల సమావేశాలు, బోధనాభ్యసన సామగ్రి మేళాలు అప్పుడే టీచరు జీవితంలో భాగమయ్యాయి. 2000–01లో మొదలైన సర్వశిక్షా అభియాన్ సామగ్రి కోసం టీచరుకు ఏడాదికి 500 రూపాయల గ్రాంటునూ, ఏటా 20 రోజుల వృత్యంతర శిక్షణనూ నిబంధనల్లో చేర్చింది.

స్థానిక వనరు అంటే భాష కూడా. 2004లో రాష్ట్రం కోయ, కువి, సవర, కొండ, గోండి, కొలామి, బంజారా, ఆదివాసీ ఒడియా భాషల్లో ప్రాథమిక బోధన మొదలుపెట్టింది. వాచకాలను ఆ తెగల టీచర్లే కార్యశాలల్లో కూర్చుని రాశారు. గూడెం పెద్దలు చెప్పిన కథలూ, పండుగలూ, అడవి చెట్ల పేర్లూ పాఠాల్లోకి వచ్చాయి.

2014లో రాష్ట్రం రెండయ్యాక విజయవాడ కేంద్రంగా, హైదరాబాదు కేంద్రంగా విడివిడిగా ఈ వ్యవస్థలు నడుస్తున్నాయి. 2017లో వచ్చిన దీక్షా వేదిక పాఠాలనూ శిక్షణనూ ఫోనులోకి తెచ్చింది. 2020 జాతీయ విద్యావిధానం టీచరుకు ఏటా 50 గంటల వృత్తి అభివృద్ధిని నిర్దేశించింది, స్కూల్ కాంప్లెక్స్‌ను మళ్లీ ముందుకు తెచ్చింది. ఫోను దూరాన్ని కొంత తగ్గించినా, కాంప్లెక్స్ సమావేశం కొనసాగుతూనే ఉంది. తాను తయారుచేసిన కార్డును బల్ల మీద పెట్టి, అది ఎక్కడ పని చేసిందో, ఎక్కడ పని చేయలేదో మరో టీచరుకు చెప్పగలిగే చోటు అదే.