పిడి కూడా వంగే విల్లు

ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవ ఊరేగింపుల్లో, సంఘాల బ్యానర్ల మీద, కూడళ్లలోని విగ్రహాల చేతుల్లో మనకు విల్లు కనిపిస్తుంది. చాలావాటిలో నడిమి భాగం లావుగా బిగుసుకుని ఉంటుంది, అటూ ఇటూ మాత్రమే వంపు. అది సినిమా విల్లు. అడవిలో వేటకు పనికొచ్చిన వెదురు విల్లు చెయ్యి పట్టే చోటుతో సహా కొన నుంచి కొన దాకా ఒకే వంపు తిరుగుతుంది.

వజ్రకరూరు పేరు చెప్తే తొలకరి చినుకులకు చేలల్లో వజ్రాలు వెతికే జనమే పత్రికలకు గుర్తొస్తారు. ఈ మెట్టసీమకు విల్లు చరిత్ర కూడా ఉంది. రాయలసీమ ఊళ్లలో వీరగల్లుల మీద విల్లు పట్టిన వీరులున్నారు. ధూర్జటి కాళహస్తి కథలో చెప్పిన తిన్నడు బోయ వేటగాడే. రాయదుర్గం కోట ఒకప్పుడు బోయ నాయకులది. 1800లో నిజాం ఈ జిల్లాలను కుంపిణీకి అప్పగించాక, 1807 దాకా కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో దాదాపు 80 మంది పాళెగాళ్ల అధికారాన్ని విరిచి, వాళ్ల బంట్లను చెదరగొట్టాడు. అప్పటికే తుపాకీ విల్లును వెనక్కి నెట్టేసింది. (అల్లూరి విగ్రహాలకు మనం విల్లు పెడతాం గానీ, 1922 ఆగస్టులో ఆయన దళం చింతపల్లి పోలీసు స్టేషన్‌కు పోయింది తుపాకుల కోసమే.) బంట్లు పోయాక, మంచి వెదురుకు కరువైన ఈ నేలలో విల్లు చేసే చెయ్యి నిలవలేదని మా అభిప్రాయం. కాబట్టి ఆ పని సంగతి చెప్పుకోవాలంటే ఇక్కడి నుంచి తూర్పున నల్లమలకు, చెంచుల దగ్గరికి పోవాలి.

పొదల్లో వంగి నడిచే వేటగాడికి పొట్టి విల్లు కావాలి, బాణం మాత్రం బాగా వెనక్కి లాగాలి. ఈ రెండూ కుదరాలంటే బద్దలో ఏ జానెడూ ఖాళీగా కూర్చోకూడదు. నడుమ బిగుసుకుంటే భారమంతా రెండు సగాల మీద పడి విల్లు విరుగుతుంది. నడుమే ఎక్కువ వంగితే బాణం వదిలినప్పుడు చెయ్యి అదురుతుంది.

బాగా ఆరిన బొంగును చీల్చి బద్ద తీయాలి. సాగుడును తట్టుకునేది వెదురు పైపొర, అందుకే దాన్ని ముట్టుకోకుండా వేటవైపు ఉంచి, లోపలి వైపే కత్తితో చివ్వాలి. తాడు కట్టి కొంచెం లాగి, దూరంగా పట్టి వంపు చూడాలి. బిగువుగా ఉన్నచోట రెండు గీతలు చివ్వాలి. ఎక్కువ వంగినచోట కత్తి పెట్టకూడదు, దాని పక్కన చివ్వాలి. మళ్లీ కొంచెం ఎక్కువ లాగి చూడాలి. కణుపుల దగ్గర మరీ జాగ్రత్త. పిడి దగ్గర చివరగా, పలచగా గీయాలి, ఎందుకంటే అక్కడ పోయిన పొట్టు రెండు సగాలనూ ఒకేసారి మారుస్తుంది. పోయిన పొట్టు తిరిగి అతకదు కూడా. ఇందులో కొలబద్ద పని తక్కువ, కన్నూ బొటనవేలూ చేసే పని ఎక్కువ.

హైమెండార్ఫ్ 1940లో చెంచుల మధ్య ఉండి, 1943లో వాళ్ల మీద పుస్తకం వేశాడు. ఆయన చూసిన నాటికి విల్లు చెంచు మగవాడి వెంట తిరిగే వస్తువు. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చింది. 1983లో నల్లమల పులుల అభయారణ్యమైంది. పులి బతకాలి, అందులో తగాదా లేదు. కానీ వేట నేరమయ్యాక కొడుక్కి విల్లు చివ్వడం నేర్పే అవసరం తండ్రికి లేకుండా పోయింది. ఇప్పుడు విల్లు పండక్కీ, ఫొటోకీ, బొమ్మల దుకాణానికీ మిగిలింది. అమ్మకానికి చేసే విల్లు వంగనక్కర్లేదు. అందుకే వంచి చూసే పని ముందుగా పోతుంది.

2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ మూడు స్వర్ణాలు గెలిచింది. సంతోషం. ఆమె కాంపౌండ్ విల్లు పిడి లోహం, కదలదు. అది వేరే విద్య.

మ్యూజియంలో పెట్టిన విల్లు చూసి ఈ విద్య నేర్చుకోలేం. ఎక్కడ ఆపాలో బద్ద మీద రాసి ఉండదు. మీ పెంటలో, గూడెంలో ఇంకా విల్లు చివ్వే పెద్దలుంటే, వారి అనుమతితో ఆ చేతులను మొదటి గీత నుంచి తాడు కట్టేదాకా వీడియో తీసి మా సంఘానికి పంపండి. విరిగిన విల్లు ఉన్నా పారేయకండి. ఎక్కడ విరిగిందో చూసినా కొంత తెలుస్తుంది.