అరుగు మీది కచేరీ నుంచి ఐదు రోజుల ఆఫీసు దాకా

మా తాతగారు గ్రామ కరణం. ఆయన ఉద్యోగానికి ఇల్లు దాటి వెళ్ళడం మా నాయనమ్మ చూసింది తక్కువ. కచేరీయే మా ఇంటి అరుగు మీద ఉండేది. అడంగళ్ళు, చిట్టాలు, శిస్తు లెక్కలు అన్నీ నడవలోని చెక్క పెట్టెలో ఉండేవి. గట్టు తగాదా వచ్చినా, శిస్తు బాకీ ఎంతో తెలియాలన్నా రైతు మా అరుగు దగ్గరికి రావలసిందే. ఏడాదికొకసారి జమాబందీకి మాత్రం తాతగారు దస్త్రం మూట కట్టించుకొని తాలూకా కేంద్రానికి వెళ్ళేవారట. ఇవాళ్టి భాషలో చెప్పాలంటే ఆయనది ‘హైబ్రిడ్’ ఉద్యోగం!

1984 జనవరి 6న ఎన్.టి. రామారావు గారి ప్రభుత్వం ఒక ఆర్డినెన్సుతో కరణం, మునసబు పదవులను రద్దు చేసింది. కోర్టుల్లో వాదాలు నడిచాయి. 1985లో సుప్రీంకోర్టు ఆ నిర్ణయాన్ని సమర్థించింది. ఆ ఏడాదే మండలాలు కూడా ఏర్పడ్డాయి. పెట్టెలోని దస్త్రాలు అప్పగించి వచ్చిన రోజున తాతగారు అన్నం ముట్టలేదని నాయనమ్మ చెబుతూ ఉండేది. ఊళ్ళో చాలామందికి మాత్రం అది పండుగే. తమ భూమి లెక్క తాము చూసుకోవడానికి మరొకరి గడప ముందు చేతులు కట్టుకొని నిలబడవలసిన అవసరం ఇక లేదు మరి.

ఈ పాత సంగతి ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, వారానికి ఐదు రోజులూ వచ్చి తీరాలని మా ఆఫీసు నుంచి ఈ మధ్యనే ఉత్తర్వు వచ్చింది. మా ఒక్కరికే కాదు. ఏ పుట్టినరోజు విందుకు వెళ్ళినా, ఏ గుడి మెట్ల దగ్గర కలిసినా మనవాళ్ళ మాటలు చివరకు అక్కడికే చేరుతున్నాయి. “మీకెన్ని రోజులు?” అన్న ప్రశ్న “బాగున్నారా?” అన్న పలకరింపు స్థానంలోకి వచ్చేసింది. ఇంట్లో పని, ఆఫీసులో పని అన్న ఈ తగవు 2020లో పుట్టినదని చాలామంది అనుకుంటారు. నిజానికి దాని వెనుక అర్ధశతాబ్దానికి మించిన చరిత్ర ఉంది. అది తెలిస్తే మన సందిగ్ధం పూర్తిగా తీరకపోయినా, దాని స్వరూపమైనా అర్థమవుతుంది.

1918లో ఏం జరిగింది?

అమెరికాను అంతకుముందు అంతగా వణికించిన మహమ్మారి 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజా. అప్పుడు ఎవరూ ‘ఇంటి నుంచి పని’ అనలేదు. న్యూయార్కు నగర ఆరోగ్య కమిషనర్ రాయల్ కోప్‌లాండ్ ఆ అక్టోబరులో ఆఫీసులను మూయించలేదు. సబ్‌వేలలో రద్దీ తగ్గేందుకు దుకాణాలు, ఆఫీసులు, ఫ్యాక్టరీలు వేర్వేరు వేళల్లో తెరవాలని మాత్రం ఆదేశించాడు. టెలిఫోను మీద పనులు చక్కబెట్టుకుందామంటే అదీ కుదరలేదు. ఆపరేటర్లే జబ్బు పడ్డారు. ఫిలడెల్ఫియాలో అత్యవసరమైతే తప్ప ఫోను చేయవద్దని టెలిఫోను కంపెనీయే పత్రికల్లో ప్రకటనలిచ్చింది. జబ్బు తగ్గాక అందరూ ఎక్కడివాళ్ళక్కడ పనుల్లో చేరిపోయారు. వేరే దారి లేదు గనుక ప్రశ్న కూడా లేదు. సందిగ్ధం అనేది రెండో దారి కనిపించినప్పుడే కదా మొదలయ్యేది!

రెండో దారి చూపినవాడు

ఆ దారి చూపినవాడు జాక్ నిల్లెస్ అనే ఇంజనీరు. అంతరిక్ష, రాకెట్ రంగాల్లో పనిచేసి సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి వచ్చిన ఆయన 1973లో ‘టెలికమ్యూటింగ్’ అన్న మాట పుట్టించాడు. అదే ఏడాది అక్టోబరులో అరబ్బు దేశాలు చమురు బిగబట్టాయి. పెట్రోలు బంకుల దగ్గర బారులు తీరిన కార్ల మధ్య ఆయన ప్రశ్న అందరికీ అర్థమయింది: మనిషిని పని దగ్గరికి మోసుకుపోయే బదులు పనినే మనిషి దగ్గరికి పంపకూడదా?

లాస్ ఏంజెలస్‌లో ఒక ఇన్సూరెన్సు కంపెనీ ఉద్యోగులతో ఆయన బృందం ప్రయోగం చేసింది. వాళ్ళు పనిచేసింది ఇళ్ళలో కాదు, ఇళ్ళకు దగ్గరగా పెట్టిన చిన్న ఆఫీసుల్లో. ఫలితాలు బాగానే వచ్చాయి. ఉద్యోగాలు మానేసి వెళ్ళిపోయేవాళ్ళు తగ్గారు. 1976లో అది పుస్తకంగానూ వచ్చింది. అయినా కంపెనీ దాన్ని కొనసాగించలేదు. ఇలా చెదిరి ఉంటే ఉద్యోగులు యూనియన్ కడతారని యాజమాన్యం జంకిందనీ, ఇలా చెదిరి ఉన్నవాళ్ళను కూడగట్టలేమని యూనియన్లు జంకాయనీ నిల్లెస్ తరువాత చెప్పుకొన్నాడు. అంటే యంత్రం సిద్ధంగానే ఉంది, నమ్మకమే సిద్ధంగా లేదు. 

1980లో ఆల్విన్ టాఫ్లర్ ‘ది థర్డ్ వేవ్’ పుస్తకంలో ‘ఎలక్ట్రానిక్ కాటేజి’ని ఊహించాడు. ఫ్యాక్టరీలు రాకముందు పని ఇంట్లోనే జరిగేదనీ, మళ్ళీ ఇంటికే వస్తుందనీ ఆయన వాదం. పోచంపల్లిలోనో మంగళగిరిలోనో గుంటమగ్గం ఉన్న ఇల్లు చూసినవాళ్ళకు ఇందులో వింతేమీ ఉండదు. అక్కడ మగ్గం ఇంట్లో ఒక భాగం. భర్త నేస్తుంటే భార్య కండెలు చుడుతుంది. అయితే ఆ ఇంట్లో పనికి వేళాపాళా లేదన్న సంగతీ మనకు తెలుసు. 2020లో మన భోజనాల బల్లలు మగ్గాలయినప్పుడు ఆ సంగతి మరింత బాగా తెలిసింది.

భూకంపం వస్తే ఇల్లు, దారి బాగుపడితే ఆఫీసు

ఆ తరువాతి కథంతా ఒకే తీరుగా నడిచింది. ఆపద వచ్చినప్పుడల్లా ఇంటి పని గుర్తుకు వచ్చేది, ఆపద తీరగానే మరుగున పడేది. 1990 నాటి స్వచ్ఛ వాయు చట్ట సవరణలు, గాలి బాగా చెడిపోయిన నగరాల్లో వందకు పైగా ఉద్యోగులున్న సంస్థలు కార్ల రాకపోకలు తగ్గించాలన్నాయి. 1995 చివరికి అది తప్పనిసరి కాకుండా పోయింది. 1994 జనవరి 17న నార్త్‌రిడ్జ్ భూకంపం వచ్చి లాస్ ఏంజెలస్‌లో శాంటా మోనికా ఫ్రీవే వంతెనలు కూలినప్పుడు టెలికమ్యూటింగ్‌కు ఎక్కడలేని గిరాకీ వచ్చింది. మూడు నెలలు తిరగకుండానే, ఏప్రిల్‌లో, ఆ రహదారి తెరిచారు. కార్లు మళ్ళీ బారులు తీరాయి.

2010 ఫిబ్రవరిలో మంచు తుఫానులకు వాషింగ్టన్‌లో ఫెడరల్ ఆఫీసులు రోజుల తరబడి మూతపడ్డాయి. ఆ డిసెంబరులోనే టెలివర్క్ చట్టం వచ్చింది. 2013 ఫిబ్రవరిలో యాహూ తన ఉద్యోగులందరినీ ఆఫీసుకు రమ్మన్నది. 1979 నుంచే ఇళ్ళలో టెర్మినళ్ళు పెట్టించి ఈ పద్ధతికి ఆద్యుల్లో ఒకటైన ఐ.బి.ఎం. కూడా 2017లో వేలమందిని వెనక్కు పిలిచింది. కనుక ఇప్పటి ‘రండి’ అన్న కేక కొత్తదేమీ కాదు.

ఇందులో మన వాటా

ఈ చరిత్రలో తెలుగువాళ్ళమైన మనకు ఒక ప్రత్యేక స్థానం ఉందని నా అభిప్రాయం. 1985లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ బెంగుళూరులో కేంద్రం పెట్టి, ఉపగ్రహం ద్వారా దాన్ని అమెరికాతో కలిపింది. 1987లో హైదరాబాదులో మొదలైన సత్యం కంప్యూటర్స్‌కు 1991లో ఇల్లినాయిలోని ట్రాక్టర్ల కంపెనీ జాన్ డీర్ పని దొరికింది. 1998 నవంబరులో సైబర్ టవర్స్‌ను ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించారు. వై టూ కె పనులు, అమెరికా డాక్టర్లు చెప్పినది రాత్రివేళ హైదరాబాదులో టైపు చేసే మెడికల్ ట్రాన్‌స్క్రిప్షన్, కాల్ సెంటర్లు – ఇవన్నీ దూరం నుంచి చేసే పనులే. మనలో ఎంతోమంది ఈ దేశానికి వచ్చిన దారి ఆ తీగల వెంటే పడింది.

విచిత్రమేమిటంటే, ఎనిమిది వేల మైళ్ళ అవతల జరిగితే నమ్మిన పనిని, ఎనిమిది మైళ్ళ అవతల మన ఇంట్లో జరిగితే కంపెనీలు నమ్మలేకపోయాయి. అయితే ఒక మాట ఒప్పుకోవాలి. హైదరాబాదులోనూ ఆ పని జరిగింది ఇళ్ళలో కాదు, ఆఫీసుల్లోనే. అక్కడి టెలికాం నిబంధనల ప్రకారం కాల్ సెంటర్ వంటి సంస్థల ఉద్యోగులు ఇంటి నుంచి పనిచేయాలంటే ఎన్నో ఆంక్షలుండేవి. 2020 మార్చిలో వాటిని తాత్కాలికంగా సడలించి, నవంబరులో చాలావరకు ఎత్తివేశారు. 2025 నాటికి నాలుగో వంతు ఉద్యోగులు ఆఫీసుకు వస్తే చాలునని 2020లో ప్రకటించిన టి.సి.ఎస్., 2023 అక్టోబరు నుంచి అందరినీ ఐదు రోజులూ రమ్మన్నది. అక్కడా ఇక్కడా కథ ఒకటే.

2020, ఆ తరువాత

2020 మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్‌ను మహమ్మారిగా ప్రకటించింది. ఈసారి 1918 నాటిలా కాక తీగ సిద్ధంగా ఉంది. అమెరికాలో జీతమిచ్చే పనిదినాల్లో ఇంటి నుంచి చేసేవి అంతకుముందు పదింట ఒక వంతు కూడా లేవు. ఆ వేసవి నాటికి సగం దాటాయి. తరువాత తగ్గుతూ 2023 నాటికి నాలుగో వంతు పైచిలుకు దగ్గర నిలిచాయి.

మన ఇళ్ళలో ఇది రెండు రకాలుగా నడిచింది. భార్య ఆస్పత్రిలో డాక్టరు, భర్త సాఫ్ట్‌వేర్ ఇంజనీరు అయిన ఇళ్ళు మనలో ఎన్నో. ఒకరు గ్యారేజిలోనే బట్టలు మార్చుకొని లోపలికి వచ్చేవారు, ఒకరు గడప దాటకుండానే జీతం తెచ్చేవారు. డాక్టర్లకూ కొంత వెసులుబాటు దక్కింది. అంతకుముందు చాలావరకు పల్లెల రోగులకే, అదీ క్లినిక్కుకు వస్తేనే ఒప్పుకొన్న మెడికేర్, 2020 మార్చిలో రోగి ఇంట్లో ఉన్నా వీడియోలో చూడవచ్చన్నది. ఆ వెసులుబాటును కాంగ్రెసు శాశ్వతం చేయకుండా దఫదఫాలుగా పొడిగిస్తూ వచ్చింది. ఇంజనీర్లకే కాదు, డాక్టర్లకూ రేపటి సంగతి తేలలేదన్నమాట.

వీసాల మీద ఉన్నవాళ్ళ చిక్కు వేరు. హెచ్-1బి ఉద్యోగికి ‘పని చోటు’ అనేది చట్టం లెక్కపెట్టే సంగతి. 2015 ఏప్రిల్‌లో వచ్చిన సిమియో సొల్యూషన్స్ తీర్పు ప్రకారం పని చోటు మరో మెట్రోపాలిటన్ ప్రాంతానికి మారితే సవరించిన పిటిషన్ వేయాలి. ఇల్లే పని చోటయినా ఇది వర్తిస్తుంది. న్యూజెర్సీ ఆఫీసు ఉద్యోగి టెక్సాస్‌లో ఇల్లు చూసుకొని వెళ్ళిపోవడం అనుకున్నంత తేలిక కాదు. ఇక 2020 జూన్ 22 నాటి ప్రకటనతో కొత్త హెచ్-1బి వీసాల మీద రాకను ఆపినప్పుడు, అది 2021 మార్చి 31 దాకా సాగినప్పుడు, తల్లిదండ్రుల కోసం వెళ్ళి అక్కడే చిక్కుకుపోయినవారి వేదన మనమంతా చూశాం.

2024 సెప్టెంబరులో అమెజాన్ తన ఉద్యోగులను 2025 జనవరి నుంచి ఐదు రోజులూ రమ్మన్నది. 2025 జనవరి 20న ఫెడరల్ ఉద్యోగులకూ అదే ఆదేశం వచ్చింది.

ఎవరిది ఒప్పు?

పరిశోధనలు ఒక వైపే మొగ్గలేదు. చైనాలో సీట్రిప్ అనే ప్రయాణాల కంపెనీలో 2010–11లో తొమ్మిది నెలలపాటు స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ నికొలస్ బ్లూమ్ బృందం చేసిన ప్రయోగంలో ఇంటి నుంచి పనిచేసినవారి పని 13 శాతం పెరిగింది, ఉద్యోగం మానేసేవారు సగానికి తగ్గారు. కాని ప్రయోగం ముగిశాక వాళ్ళలో సగం మంది దాకా ఒంటరితనం వల్ల ఆఫీసుకే వస్తామన్నారు. అదే కంపెనీలో 1,612 మందితో తరువాత చేసి 2024లో ప్రచురించిన అధ్యయనంలో, వారానికి రెండు రోజులు ఇంట్లో ఉన్నవారి పని తగ్గలేదు, మానేసేవారు మూడో వంతు తగ్గారు. మరోవైపు, పక్కపక్కన కూర్చున్న సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లలో చిన్నవాళ్ళకు పెద్దల సలహాలు ఎక్కువగా అందుతాయనీ, ఆ మేరకు పెద్దల సొంత పని కుంటుపడుతుందనీ ఇంకో పరిశీలన తేల్చింది. అంటే మన వయసువాళ్ళు ఇంట్లో కూర్చుంటే మనకు లాభం, కొత్తగా చేరిన పిల్లలకు నష్టం. మనకు పని నేర్పినవాళ్ళు మన పక్క కుర్చీలోనే ఉండేవారన్న సంగతి మరచిపోకూడదు.

అయినా నా మనసు పూర్తిగా ఒప్పుకోదు. 2022లో మా నాన్నగారు మంచం పట్టినప్పుడు నేను సెలవుతో కాక, ఆఫీసు అనుమతితో లాప్‌టాప్ పట్టుకొని ఊరు వెళ్ళాను. పగలు ఆయన పక్కన, రాత్రి అమెరికా వేళల్లో పని. ఐదు వారాలు అలా గడిచాయి. పాత రోజులయితే దక్కేవి రెండు వారాలే, అందులోనూ రెండు రోజులు విమానాలకే. ఈ కొత్త ఉత్తర్వు నా నుంచి తీసుకుంటున్నది ప్రయాణం తప్పిన సుఖాన్ని కాదు, అమ్మ దగ్గర ఉండగలిగే ఆ మిగిలిన మూడు వారాలను.

అందుకే తాతగారి పెట్టె గుర్తుకు వచ్చింది. దస్త్రం ఇంట్లో ఉన్నందువల్ల రైతుకు నష్టం కలగలేదు, అది ఒక్కరి చేతిలోనే ఉండి అడిగే దారి లేనందువల్ల కలిగింది. మండలం ఆఫీసుకు చేరాక కూడా అడిగే దారి లేని చోట రైతు తిరుగుతూనే ఉన్నాడు. పని ఎక్కడ జరిగిందన్నదానికన్నా ఎవరికి జవాబు చెబుతున్నాం, ఎవరికి అందుబాటులో ఉన్నాం అన్నది ముఖ్యం. ఆ జవాబుదారీ మనం చూపగలిగితే, మా రోజుల లెక్క మాతో కూర్చుని తేల్చండని అడిగే హక్కు మనకూ ఉంటుంది.

వచ్చే సోమవారం నుంచి నేనూ ఆఫీసుకు వెళుతున్నాను. పక్క కుర్చీలో కొత్తగా చేరిన కుర్రవాడికి పని నేర్పుతాను. అమ్మను చూడడానికి ఏడాదికి ఐదు వారాలు కావాలని మాత్రం మొదటి రోజునే వ్రాసి ఇస్తాను. ఏమంటారో చూడాలి.